సోల్ ఎక్కడ ఆగింది, సాఫ్ట్ రాక్ ఎక్కడ మొదలైంది? డూబీ బ్రదర్స్ విని తికమకపడ్డాను

గుంటూరు_కీస్:
అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఇదే మొదటి పోస్ట్, తప్పులుంటే సర్దుకోండి. మా చర్చిలో కీబోర్డు వాయిస్తాను, పదేళ్లయింది. మొన్న రాత్రి గిన్నెలు తోముతుంటే ఫోన్లో ఒక పాట దానంతటదే మొదలైంది. వినగానే చెయ్యి ఆగిపోయింది. ఎడమ చేత్తో పంచమం పట్టుకుని దాని మీద కుడి చేత్తో మధ్యమం కార్డ్ వేస్తారు చూడండి, ప్రార్థన ముగిసే ముందు పాస్టర్ గారి మాటల కింద మేం మెల్లగా వాయించేది అదే. ఆ పియానో నిండా అవే కార్డ్స్. గొంతు కూడా అమెరికా నల్లజాతి చర్చిల్లో పాడేవాళ్ల గొంతులాగే ఉంది. తీరా చేతులు తుడుచుకుని చూస్తే పాట పేరు 'వాట్ ఎ ఫూల్ బిలీవ్స్', బ్యాండ్ డూబీ బ్రదర్స్, పాడుతున్నది గుబురు గడ్డంతో ఒక తెల్లాయన. కామెంట్లలో కొందరు సోల్ (నల్లజాతి చర్చి పాటల్లోంచి వచ్చిన సంగీతం) అంటారు, కొందరు సాఫ్ట్ రాక్ (మెత్తటి రాక్) అంటారు, ఇంకొందరు 'యాట్ రాక్', అంటే డబ్బున్నోళ్ల పడవల్లో మోగే పాటలని నవ్వుకుంటున్నారు. ఇంతకీ ఇదేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_క్యాసెట్:
రా తమ్ముడూ, మంచి చోటే దిగావు. నువ్వు విన్నది మైకేల్ మెక్‌డోనాల్డ్. సెయింట్ లూయిస్ వైపు మనిషి. డూబీ బ్రదర్స్ మొదట్లో బైకర్ల గుంపులు చిందులేసే గిటార్ బ్యాండ్. 1975లో వాళ్ల ముఖ్య గాయకుడు టామ్ జాన్‌స్టన్ జబ్బుపడి మంచం పడితే, స్టీలీ డాన్ అనే ఇంకో బ్యాండ్‌తో తిరుగుతున్న ఈ కుర్రాడిని హడావిడిగా పిలిపించుకున్నారు. అంతే, ఏడాది తిరిగేసరికి బ్యాండ్ గిటార్ మీద నుంచి పియానో మీదికి జరిగిపోయింది. నువ్వు విన్న పాట గాయకుడు కెన్నీ లాగిన్స్‌తో కలిసి రాశాడు, 1978 'మినిట్ బై మినిట్' ఆల్బమ్‌లోది. 1980 గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ రెండూ దానికే వచ్చాయి.

ఇక నీ చెవి సంగతి. అదే 1980లో నల్లజాతి సోల్ గాయని అరెథా ఫ్రాంక్లిన్ ఈ పాటను తన ఆల్బమ్‌లో పాడింది. ఆమె డెట్రాయిట్‌లో పాస్టర్ గారి అమ్మాయి, చర్చిలోనే పెరిగింది. ఆవిడకు అందులో తన ఇంటి సంగతేదో వినపడే ఉంటుంది. నీకు చర్చి వినపడిందంటే తప్పేం లేదు.

ఏఓఆర్ అనే మాట కూడా నీకు తగులుతుంది కాబట్టి ముందే చెప్తున్నా. అమెరికాలో అది ఆల్బమ్ ఓరియెంటెడ్ రాక్, అంటే ఎఫ్ఎం స్టేషన్లు ఒక్క హిట్ పాటనే అరగదీయకుండా ఎల్పీలో లోపలి పాటలు కూడా వేసే పద్ధతి. జపాన్ వాళ్లు అవే మూడక్షరాలను అడల్ట్ ఓరియెంటెడ్ రాక్ చేసుకున్నారు, మనం మాట్లాడుకునే ఈ మెత్తటి సరుకంతా అక్కడ ఆ పేరు మీదే అమ్ముతారు. అందుకే రెండు దేశాల వాళ్లు ఒకే పేరుతో వేర్వేరు సంగీతాల గురించి గంటలకొద్దీ కొట్టుకుంటుంటారు, చూడ్డానికి భలే ఉంటుంది.

నల్గొండ_నవీన్:
మెక్‌డోనాల్డ్ బాగా పాడతాడు, కాదనను. కానీ 'ఇదేంటి' అని అడిగారు కదా, నా జవాబు సూటిగా చెప్తా. ఒకే సరుకు తెల్లవాడు అమ్మితే రాక్ దుకాణం, నల్లవాడు అమ్మితే ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) దుకాణం. అంతకు మించి తేడా లేదు. ఏఓఆర్ స్టేషన్లు గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్‌ను మినహాయిస్తే నల్లజాతి కళాకారులను దాదాపు ముట్టుకోలేదు. తర్వాత పాటల వీడియోల చానల్ ఎంటీవీ మొదట్లో అదే దారి పట్టింది, 1983లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌయీ ఇంటర్వ్యూకి కూర్చుని ఎదురు ప్రశ్న వేశాడు, మీ చానల్లో నల్లవాళ్లు ఎందుకు కనపడరని. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి, అడిగించుకున్నాయన ముఖం చూడాలి.

తెల్లవాళ్లు పాడే సోల్‌కి పెట్టిన పేరు కూడా చూడండి, 'బ్లూ ఐడ్ సోల్' అంట. నీలికళ్ల సోల్. నల్లకళ్ల రాక్ అని ఎవరూ అనలేదేం?

జెర్సీ_శ్రావణి:
నవీన్ గారూ, ఆ పేరు పెట్టింది తెల్లవాళ్లు కాదండీ. ఫిలడెల్ఫియాలో జార్జీ వుడ్స్ అనే నల్లజాతి రేడియో డీజే, 1960ల్లో రైచస్ బ్రదర్స్ అనే తెల్ల జంట గురించి అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. తర్వాత కంపెనీలు దాన్ని బిరుదులా తగిలించడం మొదలుపెట్టాయి. హాల్ అండ్ ఓట్స్ అనే ఇంకో తెల్ల జంటలో డారిల్ హాల్‌కి ఆ మాటంటేనే ఒళ్లు మంట, ఆయన ఎన్నిసార్లో చెప్పాడు.

అయినా మీరు ఒక వైపు నుంచే చూస్తున్నారు. నల్లజాతి సోల్ బ్యాండ్ ఐస్లీ బ్రదర్స్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? నేనుండేది న్యూజెర్సీలో వాళ్ల ఊరు టీనెక్‌కి అరగంట దూరంలో. ఊరి పేరునే కొంచెం తిప్పి 'టీ నెక్' అని సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నారు వాళ్లు. 1971లో 'గివిన్ ఇట్ బ్యాక్' అని ఆల్బమ్ చేశారు, ఎక్కువగా జేమ్స్ టేలర్, స్టీఫెన్ స్టిల్స్, డిలన్ లాంటి తెల్ల గాయకుల పాటలే. పేరు చూడండి, 'తిరిగి ఇచ్చేస్తున్నాం' అంట! మా దగ్గర తీసుకున్నారుగా, ఇప్పుడు మీవి మేం తీసుకుంటాం అన్న వెటకారం అందులోనే ఉంది. 1973లో 'త్రీ ప్లస్ త్రీ'లో సీల్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే సాఫ్ట్ రాక్ జంట పాట 'సమ్మర్ బ్రీజ్' పాడారు. అసలు పాట మల్లెపూల వాసన, వాకిట్లో గాలి, అంత మెత్తగా ఉంటుంది. వీళ్ల చేతిలో పడేసరికి రాన్ ఐస్లీ ఒక్కో మాటనూ సాగదీసి సాగదీసి పాడతాడు, చివర్లో తమ్ముడు ఎర్నీ గరగరలాడే ఫజ్ గిటార్ అందుకుంటాడు, ఇంక ఆపడు. ఎర్నీ చిన్నప్పుడు హెండ్రిక్స్ వీళ్ల బ్యాండ్‌లో వాయిస్తూ వీళ్లింట్లోనే ఉండేవాడు. ఇంట్లో పడ్డ విత్తనం తొమ్మిదేళ్లకు ఇలా మొలిచింది.

అదే ఆల్బమ్‌లో డూబీ బ్రదర్స్ పాట కూడా ఒకటుంది, 'లిజన్ టు ద మ్యూజిక్'. అంటే మెక్‌డోనాల్డ్ రాకముందే, డూబీలు ఇంకా బైకర్ల బ్యాండ్‌గా ఉన్నప్పుడే, సోల్ వాళ్లు వాళ్లను పాడేశారు.

గుంటూరు_కీస్:
శ్రావణి అక్కా, 'సమ్మర్ బ్రీజ్' ఇప్పుడే రెండూ విన్నా. రెండోది వింటూ టీ మర్చిపోయా, మరిగి మరిగి కషాయం అయింది.

తకిట:
ఒక్క నిమిషం ఆగండి, మీరంతా గొంతు, పియానో అంటున్నారు, అసలు దొంగతనమో దోస్తీయో జరిగింది డ్రమ్స్ దగ్గర. నేను వైజాగ్‌లో చిన్నప్పుడు ఏడేళ్లు మృదంగం నేర్చుకుని తర్వాత డ్రమ్స్‌కి మారినవాణ్ణి, కాబట్టి నా లెక్కలో చెప్తా.

బెర్నార్డ్ పర్డీ అని సోల్ డ్రమ్మర్, అరెథాతో వాయించినాయన. ఆయన పేరు మీదే 'పర్డీ షఫుల్' అని ఒక నడక ఉంది. తిశ్రగతి అనుకోండి. తకిట తకిట తకిట తకిట. 'త', 'ట' రెండూ హైహ్యాట్ (జంట తాళాలు) మీద పడతాయి. మధ్యలో 'కి' ఉంది చూశారూ, అది స్నేర్ (మధ్యలో ఉండే చిన్న డ్రమ్) మీద, కానీ వినీ వినపడనట్టు, వేలి కొసతో తాకినట్టు. దాన్నే ఘోస్ట్ నోట్ అంటారు. నాలుగు దెబ్బల్లో మూడో దెబ్బకు మాత్రం స్నేర్ గట్టిగా ఫట్‌మంటుంది. ఒంటి చేత్తో పిల్లాడిని జోకొడుతూ ఇంకో చేత్తో తలుపు కొట్టినట్టుంటుంది. స్టీలీ డాన్ 1977 'ఏజా' ఆల్బమ్‌లో 'హోమ్ ఎట్ లాస్ట్' వినండి, ఆయన సొంత చేతుల మీద వినపడుతుంది.

1982లో టోటో బ్యాండ్ డ్రమ్మర్ జెఫ్ పోర్కారో 'రోజానా'కి అదే నడక తీసుకున్నాడు. దాచుకోలేదు, వీడియోలో కూర్చుని విడమరిచి చెప్పాడు, ఇది పర్డీ నుంచి, ఇది లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ బోనమ్ నుంచి, ఇది గిటారిస్ట్ బో డిడ్లీ నుంచి, మూడూ కలిపి వండాను అని. ఆ పాటకు 1983లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. నా లెక్కలో సాఫ్ట్ రాక్ అని మనం అనేదానికి కాళ్లు సోల్‌వి, పైన చొక్కా ఒక్కటే మార్చారు.

ఆ పోర్కారోనే 'ఏజా'లో 'పెగ్' కూడా వాయించాడు, ఆ బిగువు వినండి.

పాత_క్యాసెట్:
తకిటా, తిశ్రం వివరణకు నా టోపీ తీస్తున్నా, కానీ 'పెగ్' డ్రమ్స్ రిక్ మరోటా. పోర్కారో కాదు.

తకిట:
అవును, మరోటా. పొరపాటే. స్టీలీ డాన్ ఇంకో ఆల్బమ్ 'కేటీ లైడ్'తో కలిపేసుకున్నా. పోస్ట్ దిద్దను, ఉండనీ, నన్ను నేను అప్పుడప్పుడూ చూసుకోవాలి.

పాత_క్యాసెట్:
'పెగ్' ఎత్తావు కాబట్టి. ఆ ఒక్క పాటే ఈ చర్చంతా. బేస్ చక్ రెయినీ, నల్లజాతి వాడు, అరెథా రికార్డుల మీద వాయించినవాడు. వెనక గొంతుల్లో మన మెక్‌డోనాల్డ్, పొరలు పొరలుగా పాడాడు. గిటార్ సోలోకి ఆరేడుగురు పేరున్నవాళ్లను పిలిచి వాయించి చూసి, అందరివీ పక్కన పెట్టి, చివరికి జే గ్రేడన్ వాయించింది ఉంచుకున్నారు. 1989లో డి లా సోల్ అనే హిప్ హాప్ బృందం 'ఐ నో' పాటకు ఆ 'పెగ్'నీ, సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ 'డాక్ ఆఫ్ ద బే' చివర్లో వేసే ఈలనీ పక్కపక్కన కుట్టేసింది. అతుకు కనపడదు. ఆ పిల్లలకు ఏ గోడా అడ్డు రాలేదు.

గ్రేడన్ పేరు గుర్తుపెట్టుకో తమ్ముడూ. డేవిడ్ ఫాస్టర్, బిల్ చాంప్లిన్, ఇతనూ కలిసి 'ఆఫ్టర్ ద లవ్ హ్యాజ్ గాన్' రాశారు. ముగ్గురూ తెల్లవాళ్లే. పాడింది ఎర్త్ విండ్ అండ్ ఫైర్. పైన చెప్పిన 1980 గ్రామీ వేడుకలోనే ఆ పాటకు బెస్ట్ ఆర్ అండ్ బీ సాంగ్ ఇచ్చారు. అంటే ఒకే రాత్రి, తెల్ల రాక్ బ్యాండ్ పాడిన సోల్ పాటకు పెద్ద బహుమతి, తెల్లవాళ్లు రాసి నల్ల బ్యాండ్ పాడిన పాటకు ఆర్ అండ్ బీ బహుమతి. వేదిక మీద ఎవరు ఎవరి ఇంట్లో ఉన్నారో పోల్చుకోవడం కష్టం.

దానికి మూడేళ్ల ముందు తెల్ల గాయకుడు బాజ్ స్కాగ్స్ 'లోడౌన్'కి కూడా అదే బెస్ట్ ఆర్ అండ్ బీ సాంగ్ వచ్చింది. 1976 'సిల్క్ డిగ్రీస్'. ఆ ఆల్బమ్ వచ్చేనాటికి డేవిడ్ పెయిచ్, జెఫ్ పోర్కారో ఇద్దరికీ 21 ఏళ్లే. ఆ స్టూడియో కుర్రాళ్లే తర్వాత టోటో అయ్యారు. షెరిల్ లిన్ 'గాట్ టు బి రియల్' ఉంది కదా, ఇప్పటికీ పెళ్లిళ్లలో వేస్తారు, ఆ పాట రాసినవాళ్లలో పెయిచ్, ఫాస్టర్ ఉన్నారు. అందుకే నేననేది, స్టూడియో లోపల గోడ లేదు. బయట బోర్డు రాసేవాడి దగ్గరే ఉంది.

నల్గొండ_నవీన్:
అన్నా, మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ నా మాటే బలపడుతోంది చూడండి. లోపల గోడ లేకపోతే బయట ఎందుకు కట్టారు, ఎవరి లాభం కోసం?

బాబీ కాల్డ్‌వెల్ కథ చెప్పనివ్వండి. మయామీలో టీకే రికార్డ్స్ అని కంపెనీ, వాళ్ల వ్యాపారం ఎక్కువగా నల్లజాతి రేడియోలతో. 1978లో ఇతను 'వాట్ యూ వోంట్ డూ ఫర్ లవ్' ఇచ్చాడు. వింటే ఎవరైనా నల్లజాతి గాయకుడనే అనుకుంటారు. కంపెనీ ఏం చేసిందంటే, కవర్ మీద ముఖమే వేయలేదు. బెంచీ మీద టోపీ పెట్టుకున్న మనిషి నీడ, అంతే. పాట ఆర్ అండ్ బీ చార్టులో 6 దాకా, మామూలు చార్టులో 9 దాకా ఎక్కింది. తర్వాత కచేరీకి వచ్చినవాళ్లు తెర లేవగానే నోరెళ్లబెట్టారు. మంచి కథే. నేనూ నవ్వుతా. కానీ ఇది తిరగేసి ఆలోచించండి. తెల్లవాడి ముఖం దాస్తే ఇరవై ఏళ్ల తర్వాత అదొక సరదా కథ. నల్లవాళ్ల రికార్డుల మీద ముఖం తీసేసి ఏదో దృశ్యమో, తెల్ల జంటనో వేసిన రోజులు 1960ల్లో ఎన్ని ఉన్నాయి, అవి సరదా కథలు కావు.

ఇంకొకటి. 1979 జూలై 12, చికాగో కమిస్కీ పార్క్. ఆల్బమ్ రాక్ స్టేషన్ డీజే స్టీవ్ డాల్ బేస్‌బాల్ మ్యాచ్‌ల మధ్యలో డిస్కో రికార్డుల పెట్టెను పేల్చాడు. జనం గ్రౌండ్‌లోకి దూకి తొక్కేశారు, రెండో మ్యాచ్ జరగనే లేదు. అక్కడ పనిచేసిన విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు తర్వాత చెప్పాడు, జనం తెచ్చినవాటిలో డిస్కో కానివి, స్టీవీ వండర్, మార్విన్ గే లాంటి నల్లవాళ్ల రికార్డులు కూడా ఉన్నాయని. అదే వేసవిలో రేడియోలో 'వాట్ ఎ ఫూల్ బిలీవ్స్' హాయిగా మోగుతోంది. దాన్నెవరూ పేల్చలేదు. స్టూడియోలో ఎంత దోస్తీ ఉన్నా, మంట పెట్టేటప్పుడు జనానికి ముఖాలు గుర్తుంటాయి.

పాత_క్యాసెట్:
...
ఈ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు నవీన్. నేను ఆ రికార్డులు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట ఏరుకున్నవాణ్ణి, అక్కడ అన్నీ ఒకే గోనెసంచి మీద పడుండేవి, ఐస్లీలు, టోటో, మధ్యలో భక్తి పాటలు కూడా. ఆ సంచి చూసి అమెరికా అంతా అలాగే ఉండేదనుకున్నానేమో.

బేస్_గిటార్_బాబు:
అన్నలూ ఇదంతా సరే కానీ 80ల్లో ఇళయరాజా బేస్ గిటార్ వినండి, ఈ చక్ రెయినీలు అందరూ దిగదుడుపే.

మాడరేటర్:
బాబూ, ఇళయరాజా బేస్ మీద ఇప్పటికే నాలుగు చర్చలున్నాయి, మూడు తాళం వేశాం. ఇక్కడ వద్దు. (బేస్ బాగుంటుంది, ఒప్పుకుంటున్నా.)

జెర్సీ_శ్రావణి:
నవీన్ గారి పాయింట్ ఒప్పుకుంటూనే ఒకటి చెప్తా. నల్లజాతి శ్రోతలు కూడా ఎంచుకున్నారండీ, వాళ్లేదో మోసపోయినట్టు మాట్లాడితే వాళ్ల చెవిని తక్కువ చేసినట్టే. కాల్డ్‌వెల్ ముఖం బయటపడ్డాక పాటను పారేశారా? లేదే. ర్యాపర్ టూపాక్ అదే పాట మీద 'డూ ఫర్ లవ్' చేశాడు. ఇంకో ర్యాపర్ కామన్ 2000లో 'ద లైట్'కి కాల్డ్‌వెల్‌దే ఇంకో పాట తీసుకున్నాడు. హాల్ అండ్ ఓట్స్ 'ఐ కాంట్ గో ఫర్ దట్' 1982 మొదట్లో మామూలు చార్టులోనూ, సోల్ చార్టులోనూ 1వ స్థానం. ఆ ఇద్దరూ కలుసుకున్నదే 1967లో ఫిలడెల్ఫియా అడెల్ఫీ బాల్‌రూమ్‌లో, వేర్వేరు బృందాలతో పాటల పోటీకి వచ్చి, లోపల గొడవ మొదలై తుపాకులు పేలితే ఒకే లిఫ్ట్‌లోకి దూరారు. 1985లో అపోలో థియేటర్ వేదిక మీద సోల్ బృందం టెంప్టేషన్స్ ఒకప్పటి గాయకులు డేవిడ్ రఫిన్, ఎడ్డీ కెండ్రిక్స్‌లను పక్కన నిలబెట్టుకుని పాడారు.

ఇంకా హౌవర్డ్ యూనివర్సిటీ రేడియోలో 1976లో మెల్విన్ లిండ్సే మొదలుపెట్టిన 'క్వైట్ స్టార్మ్' కార్యక్రమం. స్మోకీ రాబిన్సన్ ఆల్బమ్ పేరు పెట్టుకున్నారు. రాత్రిపూట మెత్తటి సోల్. ఏఓఆర్ వాళ్లు తలుపు మూస్తే నల్లజాతి రేడియో తన మెత్తటి గది తనే కట్టుకుంది.

నాకు మటుకు అన్నిటికంటే ఇష్టమైన గొలుసు ఇది: 1962లో నల్లజాతి గాయకుడు చక్ జాక్సన్ 'ఐ కీప్ ఫర్గెటిన్' పాడాడు, రాసింది లీబర్, స్టోలర్ అనే తెల్ల రచయితల జంట. 1982లో మెక్‌డోనాల్డ్ అదే మాటలు తలపించే పాట చేసి, వాళ్ల పేర్లు కూడా వేశాడు. దాని బేస్ లూయిస్ జాన్సన్, అదే ఏడాది వచ్చిన మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' మీద వాయించింది కూడా ఆయనే. 1994లో ర్యాపర్ వారెన్ జీ దాన్ని ఎత్తి 'రెగ్యులేట్' చేశాడు. నా పక్క డెస్క్ అమ్మాయి, అట్లాంటాలో పెరిగిన నల్లజాతి అమ్మాయి, ఆఫీసులో మెక్‌డోనాల్డ్ పాట మోగితే 'ఎవరిదీ, వారెన్ జీని కాపీ కొట్టాడు' అంది. నేను నవ్వాపుకోలేక కాఫీ కప్పు కింద పెట్టేశా.

తకిట:
మైకేల్ జాక్సన్ ఆల్బమ్ 'థ్రిల్లర్' వదిలేశారు. 'హ్యూమన్ నేచర్' స్టీవ్ పోర్కారో పాట, జెఫ్ తమ్ముడు. పెయిచ్ పాటలున్న క్యాసెట్‌ను నిర్మాత క్విన్సీ జోన్స్‌కి పంపితే, ఆయన ఆపకుండా వదిలేశాడు, చివర్లో ఈ డెమో మొదలైంది. దొరికిపోయింది. మాటలు రాసింది జాన్ బెటిస్, కార్పెంటర్స్‌కి 'టాప్ ఆఫ్ ద వరల్డ్' రాసినాయన. కార్పెంటర్స్ పాటల రచయిత, టోటో సింథసైజర్, మైకేల్ జాక్సన్ గొంతు. దీన్ని ఏ అరలో పెడతారో పెట్టండి.

నల్గొండ_నవీన్:
ఏ అరలో అయినా పెట్టండి, రాయల్టీ చెక్కు ఏ ఇంటికి వెళ్లిందో కూడా పక్కన రాసి పెట్టండి. సరే, ఊరికే గెలకడానికి అన్నా. శ్రావణి గారు చెప్పిన శ్రోతల మాట నేను ఆలోచించలేదు. రాత్రికి ఐస్లీల ఆల్బమ్ మొత్తం వింటా, ఆ వెటకారం పేరు నచ్చింది.

గుంటూరు_కీస్:
అన్నలకూ అక్కకూ థాంక్స్, నేను చిన్న ప్రశ్న అడిగితే ఇంత పెద్ద పందిరి వేశారు. ఒక సంగతి చెప్పాలి. నిన్న ఆదివారం ఆరాధనలో, రెండో పాట ముగింపులో, ఆ మెక్‌డోనాల్డ్ కార్డ్స్ వరస మెల్లగా దూర్చేశాను. పాస్టర్ గారు ఒకసారి తలతిప్పి చూశారు. ఆపమంటారేమో అని టెన్షన్ పడ్డా, ఏమీ అనలేదు, ప్రార్థన ఇంకో రెండు నిమిషాలు పొడిగించారు. తర్వాత మా డ్రమ్స్ కుర్రాడికి తకిట అన్న చెప్పిన 'త', 'ట' హైహ్యాట్, మధ్యలో 'కి' మెల్లగా, అని చూపిస్తే గంటసేపు కూర్చుని వాయించాడు.

తకిట:
ఆడియో ఉందా? పెట్టు.

గుంటూరు_కీస్:
ఉంది. రాత్రికి పెడతా. 'కి' మాత్రం తలుపు బాదినట్టే పడుతోంది అన్నా, ముందే చెప్తున్నా.